ఆ శుక్రవారం నేను పలికిన ప్రవచనం

సహోదరా, ప్రసంగవేదిక మీద నిలబడి ఎందరి చేతనో పాపాలు ఒప్పించాను. నా పాపం ఒకటి మాత్రం నా గొంతు దాటలేదు. బాప్తిస్మమిచ్చేటప్పుడు ఎవరి తలనైనా నీటిలో ముంచితే నా చేతులు బరువెక్కుతాయి. చూసేవాళ్లు అది భక్తి అనుకుంటారు. కాదు, భయం. ఇన్నేళ్లుగా ఆ భయాన్నే మోస్తున్నాను.

ఈ ఉత్తరంలో నా పేరు రాయడం లేదు. ఎందుకంటే సిగ్గు. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో, సంఘకాపరులుగా తర్ఫీదు ఇచ్చే ఒక క్రైస్తవ కళాశాలలో చదివాను. హసన్‌పర్తి వైపు, పొలాల మధ్య ఉండేది. మా నాన్న మట్టెవాడలో దర్జీ, సంఘంలో పెద్ద. నేను పుట్టకముందే నన్ను సేవకు ప్రతిష్ఠించాడు. నా గదిలో నాతోపాటు ఉన్నది జకరయ్య. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె వాడిది. తండ్రి లేడు. తల్లి మార్తమ్మ కూలికి పోయి వాణ్ని చదివించేది.

జకరయ్యకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. పెద్ద దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటే వచ్చేది కాదు. ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు చెప్పాడు. కళాశాల వెనక మెట్ల బావిలో మేమందరం స్నానాలు చేసేవాళ్లం. జకరయ్య బావికి వెళ్తే నేను తోడుండాలని వార్డెను నియమం పెట్టాడు. వాడు దాన్ని కూడా నవ్వులాటే చేసేవాడు. పేతురు నీళ్ల మీద నడిచిండు, నాకేమో గట్టు మీద కావలి, అనేవాడు.

ప్రతి శుక్రవారం మాకు ఉపవాస ప్రార్థన. అందులో ప్రవచనాలు వచ్చేవి. వచ్చినవాడు లేచి నిలబడి, దేవుడే మాట్లాడుతున్నట్టు ‘నేను’ అని పలకాలి. అది కూడా ఇంట్లో మాట్లాడే మాటల్లో కాదు, పాత బైబిలు భాషలో. పోతాండు, వస్తాండు అనే నోళ్లే ఆ కాసేపు ‘సెలవిచ్చుచున్నాను’ అనేవి. అదంతా నటన అని నేననను. కొందరికి నిజంగానే వచ్చేది. ఇప్పటికీ నమ్ముతాను. నాకు మాత్రం రాలేదు. సంఘపెద్ద కొడుకుని, వాక్యం కంఠస్థం వచ్చినవాణ్ని, అయినా రాలేదు. అన్నకు పైనుంచి ట్రంకాల్ ఇంక కలుస్తలేదు అని జూనియర్లు వెనక నవ్వుకునేవారు. ఊరూరా భక్తిని రగిలించే ఉజ్జీవ సభలకు వెళ్లే బృందంలోకి ఆ వరం ఉన్నవాళ్లనే తీసుకుంటారు. ఆ బృందంలో ఉండాలని నేనెంత ఆశపడ్డానో ఎవరికీ చెప్పలేదు. దేవునికి కూడా తిన్నగా చెప్పలేదు.

ఆ శుక్రవారం ఎండ మండిపోతోంది. రేకుల కింద ప్రార్థనా మందిరం పొయ్యిలా ఉంది. జకరయ్యను ముందు మోకరింపజేసి, అధ్యాపకులు వాడి తల మీద చేతులుంచి స్వస్థత కోసం ప్రార్థించారు. తర్వాత అందరూ ఊరుకున్నారు. ఎవరో ఒకరు పలకాలని ఎదురుచూస్తున్న మౌనం అది. నేను లేచాను.

“నా కుమారుడా, నేను నిన్ను ముట్టితిని. నీ రోగమును నీలోనుండి తీసివేసితిని. ఇక భయపడకుము.”

మందిరమంతా ఏడ్చింది. ప్రిన్సిపాల్ నన్ను కౌగిలించుకున్నాడు. నేను తెలిసే చేశానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. మొదటి మాట పలికేటప్పుడు తెలుసు. మూడో మాటకు నేనే నమ్మాను. కూర్చునేసరికి మళ్లీ తెలుసు. ఏ స్వరమూ రాలేదు. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన భాష ఉంది, అందరూ నా వైపు చూడాలన్న కోరిక ఉంది. ఆ రెండూ కలిసి దేవుని గొంతులా వినిపించాయి.

మర్నాడు పొద్దున బావి గట్టు మీద జకరయ్య గోలీల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

“అరే, నిన్న నువ్వు చెప్పింది ఆయన మాటేనా? జర సాఫ్ చెప్పు. ఆయన మాటైతే ఇవి పారేస్త. నీ మాటైతే వేసుకుంట. నాకేం కోపం రాదురా.”

“ఆయన మాటే.”

“మరింక ఫికర్ లేదు.”

డబ్బా నీళ్లలో పడింది. కాసేపు తేలి మునిగింది. సహోదరా, వాడు నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. కోపం రాదని కూడా చెప్పాడు. అంత సులువుగా నిజం చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

ఆ ఆదివారం వాడు సంఘంలో సాక్ష్యమిచ్చాడు. వార్డెను నియమం ఎత్తేశాడు. నన్ను ఉజ్జీవ బృందంలోకి తీసుకున్నారు. అటు తర్వాత చిన్న చిన్నవి కనబడసాగాయి. అన్నం తింటుంటే వాడి చెయ్యి ఒక్కసారి ఎగిరిపడేది. చదువుతూ చదువుతూ ఎటో చూస్తూ ఆగిపోయేవాడు, పిలిచినా పలికేవాడు కాదు. తేరుకున్నాక, సైతాను పరీక్ష పెడ్తాండు, నేను లొంగ, అనేవాడు. ఒకే గదిలో ఉన్నవాణ్ని, ఇవన్నీ చూసింది నేనొక్కణ్నే. ఎవరికీ చెప్పలేదు. వాడి మంచం వైపు చూడటం మానేశాను.

ఒక శనివారం ఊళ్లలో సువార్తకు బయల్దేరబోతున్నాం. ఆ ఉదయమే టీ గ్లాసు వాడి చేతిలోంచి జారి పగిలింది. మధ్యాహ్నం వాడు తువ్వాలు భుజాన వేసుకుని బావి వైపు నడిచాడు. నేను అరుగు మీద కూర్చుని ఢోలక్ తాళ్లు బిగిస్తున్నాను. లేచి వెంట వెళ్లాలనిపించింది. అనిపించడం కాదు, కాళ్లు సగం లేచాయి. కానీ చుట్టూ బృందమంతా ఉంది. నేను తోడు వెళ్తే, నా ప్రవచనాన్ని నేనే నమ్మడం లేదని అందరి ముందూ చెప్పినట్టే. అది నా అవమానం కాదు, దేవునికి అవమానమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మళ్లీ కూర్చున్నాను. తాళ్లు బిగించాను. శ్రుతి కుదిరింది. వాడు రాలేదు.

మెట్ల మీద వాడి చొక్కా ఉంది. వాడు బావి అడుగున ఉన్నాడు.

వాడి పల్లెలోనే సమాధి చేశాం. ప్రిన్సిపాల్ వాక్యం చెప్పాడు. దేవుడు స్వస్థతనిచ్చాడు, దాన్ని విశ్వాసంతో నిలుపుకోవాల్సింది మనిషే, లోపల సందేహం ఉంటే వ్యాధి తిరిగి వస్తుంది అన్నాడు. జనం తలలూపారు. దేవుని మాట తప్పిందనడం కంటే జకరయ్య తప్పాడనడం అందరికీ తేలిక. అందరికంటే నాకు తేలిక. మొదటి వరుసలో తల వంచుకుని ‘ఆమేన్’ అన్నాను.

అందరూ కదిలాక మార్తమ్మ నా దగ్గరికి వచ్చి నా ముంజేయి పట్టుకుంది.

“నువ్వు వానితోటి తిన్నోనివి, పండుకున్నోనివి. నిజం చెప్పు బిడ్డా. నా కొడుకు నమ్మలేదా?”

“మనిషి లోపల ఏముందో దేవునికే తెలుసమ్మా.”

ఆమె చేయి వదిలేసింది. సమాధి మట్టి వైపు తిరిగింది.

“అట్లనా. అయితే నేనే వానికి సరిగ నేర్పలేదు.”

ఆ మాట అనుకుంటూనే ఆమె బతికింది. వారం వారం ఉపవాసముంది, కొడుకు అవిశ్వాసాన్ని క్షమించమని. ఎనభైల్లో నేను ఆ చుట్టుపక్కల సంఘాలకే కాపరినయ్యాను. ఆమె ఇంటికి వెళ్లేవాణ్ని, ఆమె ఇచ్చిన టీ తాగేవాణ్ని, ఆమెతో కలిసి మోకరించేవాణ్ని. ఆమె ఆ ప్రార్థన చేస్తుంటే పక్కనే కళ్లు మూసుకునేవాణ్ని. ఒక్క మాటతో ఆమె భుజాల మీది బరువు దించగలిగేవాణ్ని. ఎందుకు దించలేదు? సంఘం చెదిరిపోతుందనా? విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారనా? అలా చాలా కారణాలు చెప్పుకున్నాను. ప్రసంగాల్లోలాగే, ప్రతి కారణానికీ ఆధారంగా వాక్యం దొరికేది. చివరికి ఆమెను సమాధి చేసిందీ నేనే. ఆ పెట్టె ముందైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

దేవుడు పంపకపోయినా ఆయన పేరున మాట్లాడినవాడికి మరణమే శిక్షని బైబిల్లో ధర్మశాస్త్రం చదివినవాడికి తెలుసు. నేను ఎన్నోసార్లు చదివాను. ఆ పుట వచ్చినప్పుడు సంఘానికి వేరే పుట బోధించాను. క్షమాపణ ఉందని ప్రకటించేది నేనే. దాన్ని చేయి చాచి తీసుకోవాలంటే మాత్రం, ఆ తల్లి ప్రార్థనలో ఉన్న పేరు అడ్డు వస్తుంది. నా వంతు శిక్ష ఆమె కొడుకు పేరు మీద నడుస్తుండగా నేను ఏ నోటితో అడగను?

అందుకే నా కోసం ప్రార్థించమని నిన్ను అడగను. ఒక్కటే అడుగుతాను. ఆ పల్లెల్లో ఇప్పటికీ విశ్వాసం లేక చచ్చినవాడని జకరయ్య కథ చెప్పి పిల్లల్ని భయపెడతారు. అది నీ చెవిన పడితే ఈ మాట చెప్పు. ఆ శుక్రవారం దేవుడు ఏమీ పలకలేదు. పలికింది నేను. జకరయ్య నమ్మాడు. పూర్తిగా నమ్మాడు.

రాశాను.