నేను ఆపిన మాత్రలు

ఒక అబద్ధాన్ని ఇరవై రెండేళ్లుగా మోస్తున్నాను. నాకంటే ఎక్కువ మోసింది చచ్చిపోయిన మా ఆయన. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతున్నాను, పక్కింటామె రాస్తోంది. ఇది చదివే నువ్వెవరో తెలియకపోవడమే నాకు ధైర్యం.

ఆయన తమిళదేశంలో మా రాజపాళెంలో నూలు మిల్లుకు పోయేవాడు. టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగాలన్నారు. రెండు నెలలకే దగ్గు తగ్గి, పక్కూరు సేత్తూరు దాకా సైకిలు తొక్కాడు. కానీ మూత్రం ఎర్రగా పోయేది. అది మాత్రల రంగేనని, టీబీ పురుగును చంపేది ఆ మాత్రలేనని నర్సమ్మ ముందే చెప్పింది. నేను నమ్మలేదు. పత్తికి కొట్టే పురుగుమందు తాగి పోయినవాళ్లను చూసినదాన్ని. పురుగును చంపేది మనిషిని వదులుతుందా?

ఒక పొద్దున ఆయన నీళ్ల చెంబు పట్టుకుని అడిగాడు.

"ఏమే, మాత్ర యేది?"

"ఇంక చాలంట. నర్సమ్మ చెప్పినాది."

"సరి, పీడ పోయె" అని నవ్వాడు.

మిగిలినవి కాలువలో పోశాను. నర్సమ్మ వస్తే ఖాళీ అట్టలు చూపించాను. కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది, ఈసారి మందు పట్టలేదు. ఆయన పోయాడు. ఎందుకిలా అయిందని అందరూ అడిగితే, నాకు తెలియకుండా మాత్రలు ఉమ్మేసేవాడని చెప్పాను. ఆ మాట ఎలా వచ్చింది నా నోట? అప్పుడు పదిహేనేళ్ల నా కూతురు విన్నది. నాన్న తనను వద్దనుకునే పోయాడని ఇప్పటికీ అనుకుంటుంది. వాళ్లింట్లో ఆయన ఫోటో లేదు.

మొన్న నా కూతురి బిడ్డ, ప్లస్ టూ పిల్ల, సెల్లుల పాఠం చదువుతూ ఉంటే అడిగాను, టీబీ పురుగును చంపే మాత్ర మనల్ని ఎందుకు చంపదని.

"అవ్వా, చేనులో పురుగుదీ మనదీ ఒక రకం సెల్లు, లోపల న్యూక్లియస్ అనే గది ఉండాది. అందుకే ఆ మందు మనల్నీ చంపుతాది. టీబీ పురుగు సెల్లు వేరే. లోపల గది లేదు, బయట గోడ ఉండాది. మాత్ర ఆ గోడను పడగొట్టేది. మనకు గోడే లేదే, దేన్ని పడగొడతాది?"

ఇంతేనా? ఇంత చిన్న తేడా తెలియకా నేను మనిషిని పోగొట్టుకున్నది?

మాత్రలు తెలియక ఆపాను. ఉమ్మాడని మాత్రం తెలిసే చెప్పాను. దానికి ఏ పాఠమూ సాకు కాదు. పక్కింటామె కలం ఆపింది. రాయమన్నాను. ఇలాంటిదే ఇంకొక కాగితం రాయించి నా కూతురికి ఇస్తాను. ఇక నన్ను గడప తొక్కనివ్వకపోవచ్చు. ఆయన ప్రతి మాత్రా మింగి, నాలుక చాపి నాకు చూపించేవాడు. పిల్ల పెళ్లి చూడాలే అనేవాడు. ఇదొక్కటీ ఆమెకు తెలియాలి.