శ్రావణ శుక్రవారం వచ్చిన అమ్మాయి

ఇంగ్లండులోని రీడింగ్ ఊళ్ళో పుష్పలీలను ఎరిగినవాళ్ళు ఆమె గురించి ఒకే మాట చెప్పేవారు: మనిషి ఎప్పుడు చూసినా పరుగు మీదే ఉంటుందని. ఎందుకమ్మా అంత పరుగు అని అడిగితే, చెప్పడానికి ఆగేది కాదు. భర్త లోకేష్‌ది పక్క ఊరు బ్రాక్‌నెల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం. పొద్దున్నే కారెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. కొడుకు సృజన్‌కి ఆరేళ్ళు, కూతురు హాసినికి మూడేళ్ళు. వీళ్ళిద్దరి ముక్కులు తుడుస్తూ, యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూ, మధ్యలో పుష్పలీల కౌన్సెలింగ్‌లో పీజీ చదువుతోంది. ఒక చేతిలో వ్యాసం, ఒక చేతిలో పప్పు గరిటె. రెండూ అడుగంటేవి.

ఈ చదువు ఆమెకు ఊరికే పుట్టిన సరదా కాదు. హాసిని పుట్టాక చాలా నెలలు ఆమెకు కారణం లేకుండా ఏడుపొచ్చేది. జీపీ, అంటే పేటలోని డాక్టరు, ఆమెను ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపాడు. ఆవిడ మంచిదే. కానీ "కడుపుల దేవినట్టయితున్నది" అనే మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక పుష్పలీల "ఐ యామ్ ఫైన్" అని చెప్పి లేచి వచ్చేసింది. మన మాటలో వినేవాళ్ళు ఒక్కరుంటే ఎంత బాగుండేదని అనుకుంది. ఆ అనుకోవడమే ఆమెను ఇందులోకి దింపింది.

చదువు పూర్తి కావాలంటే నిజమైన మనుషులతో కొన్ని గంటలు కూర్చోవాలి. ఊళ్ళో ఒక చిన్న చారిటీ సంస్థ ఆమెకు బుధవారం మధ్యాహ్నాలు ఒక గది ఇచ్చింది. హాసిని మరీ చిన్నదని చదువును ఇప్పటికే మధ్యలో ఒక ఏడాది వాయిదా వేసుకుంది. ఇంకో వాయిదా ఉండదని యూనివర్సిటీ వాళ్ళు ముందే తేల్చేశారు. అందుకే సృజన్ తుమ్మినా ఆమె గుండె జారేది. నర్సరీ నుంచి ఫోనొస్తే చేతులు చల్లబడేవి.

ఆ గదికి నియమాలున్నాయి. సలహా ఇవ్వకూడదు. ముట్టుకోకూడదు. బయట కనబడితే, వాళ్ళు పలకరిస్తే తప్ప మనం పలకరించకూడదు. ఎవరొచ్చారో, ఏం చెప్పారో కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు. మనవాళ్ళు సలహా ఇవ్వకుండా ఒక గంట కూర్చోవడమంటే నోట్లో బూరె పెట్టుకుని నమలకుండా ఉండటమే. పుష్పలీల దాన్ని కూడా నేర్చుకుంది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో సాత్విక అనే అమ్మాయి ఒకతె. వరంగల్ పిల్ల. భర్తకు ఇక్కడే ఉద్యోగం. ఆర్నెల్ల గర్భం పోయింది. ఆ సంగతి ఇక్కడి తెలుగువాళ్ళలో ఎవరికీ తెలియదు. భర్త ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడట. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం అంచున నిలబడాలంటే భయంగా ఉంటోందని ఆమె ఒక బుధవారం తెలుగులో మెల్లగా చెప్పింది. ఆ మాట పుష్పలీల వెంట ఇంటిదాకా వచ్చింది. పిల్లలకు నీళ్ళు పోస్తుంటే వచ్చింది, చపాతీ కాలుస్తుంటే వచ్చింది. ఇలాంటివి చెప్పడానికి వీలున్న ఒకే మనిషి, ఆమె పనిని కనిపెట్టి చూసే సూపర్‌వైజర్ జూడిత్‌కు చెప్పింది. జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. అయినా ప్రతి బుధవారం ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికి వచ్చేదాకా పుష్పలీలకు ఊపిరాడేది కాదు.

అది రెండువేల పదహారు. ఆ మే నెలలో అత్తగారు కళావతి జగిత్యాల నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. కోడలి చదువు గట్టెక్కించడానికే వచ్చింది పాపం. అయితే ఆవిడకు నాలుగు రోజులు మాట్లాడకుండా ఉంటే జ్వరమొస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మిన మనిషి. వచ్చిన వారానికే పక్కింటి ఇంగ్లీషావిడకు సకినాలు తినిపించింది. నర్సరీ లేని పొద్దుటి పూట హాసినిని పార్కుకు తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చుని, నల్లజుట్టు కనబడితే చాలు, "తెలుగేనా బిడ్డా?" అని అడిగేది.

ఒకరోజు ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది. "పార్కుల ఒక పిల్ల దొరికింది లీలా. ఓరుగల్లు. ఒక్కతే వచ్చి కూసుంటది. మన హాసినిని ఎత్తుకున్నదంటే దించదు. ఎంత సల్లటి పిల్లనో!"

వ్యాసం గడువు దగ్గరపడుతోంది. పుష్పలీల కంప్యూటర్ నుంచి తల తిప్పకుండానే ఊఁ కొట్టింది. పేరేమిటని అడగాలని కూడా తోచలేదు.

ఆగస్టులో శ్రావణ శుక్రవారం వచ్చింది. పిల్లలకు సెలవులు. కళావతి పొద్దున్నే లేచి పూజ చేసింది, పులిహోర కలిపింది, నానబెట్టిన శనగలు పళ్ళెంలో సర్దింది. "గా పిల్లను వాయినానికి పిలిచిన. ఇంటి కోడలివి, నువ్వే ఇయ్యాలె. చీర కట్టుకో" అని చెప్పింది.

కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో సాత్విక.

ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు లేదు. వెనక నుంచి కళావతి "రా బిడ్డా, రా. ఇగో, నేను చెప్పలే, మా కోడలు" అంటోంది. పలకరించాలా వద్దా తేల్చుకోవలసింది ఆ అమ్మాయే. పుష్పలీల నోరు కట్టేసుకుని నిలబడింది. సాత్విక తల ఎత్తి, కొత్తవాళ్ళను చూసినట్టే "నమస్తే అక్కా" అంది.

కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక వాయినం. ఇంటికొచ్చిన ముత్తైదువ పాదాలకు పసుపు రాయాలి, మెడకు గంధం పూయాలి, నుదుట బొట్టు పెట్టాలి. చెయ్యి కూడా తాకకూడని అమ్మాయి ముందు పుష్పలీల మోకాళ్ళ మీద కూర్చుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెబితే ఆ అమ్మాయి దాచుకున్నదంతా బయటపడుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాదాలకు పసుపు రాసింది. ఆ పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి.

కళావతి శనగలూ పండూ జాకెట్ ముక్కా కోడలి చేత ఒళ్ళో పెట్టించి, సాత్విక తల మీద చెయ్యి వేసి నిండుగా దీవించింది. "వచ్చే శ్రావణం కల్లా ఒళ్ళె బిడ్డతోని రావాలె."

సాత్విక నవ్వింది. ఆ నవ్వు చూడలేక పుష్పలీల పసుపు గిన్నె తీసుకుని లేచింది. కాసేపటికి పని ఉందని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

తలుపు పడగానే కళావతి అందుకుంది. "ఏంది లీలా, ఇంటికొచ్చిన ఆడిపిల్లతోని ఒక్క మాటన్న మాట్లాడలే? మూతి గిట్ల ముడుసుకున్నవేంది?"

"తలనొప్పి అత్తమ్మా" అంది పుష్పలీల. బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

ఆ శనివారం, ఆదివారం ఆమె ఇంట్లో లేదనే చెప్పాలి. సృజన్‌కు చొక్కా తిరగేసి తొడిగింది. హాసిని పాలు పొయ్యి మీద మరిచిపోయింది. ఆ అమ్మాయి ఇంకెప్పుడూ రాదేమో. రాకపోతే ఎక్కడికి వెళ్తుంది? స్టేషన్ గుర్తుకు రాగానే కూర్చున్నది లేచి నిలబడేది. లోకేష్ "ఏమైంది?" అని అడిగితే "వ్యాసం" అంది.

సోమవారం జూడిత్‌కు అంతా చెప్పింది. జూడిత్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ తప్పు కాదు. కానీ రెండూ కుదరవు. ఈ గదైనా ఉండాలి, ఆ ఇల్లైనా ఉండాలి. ఏది ఉంచుకోవాలో ఆమె చెప్పాలి. మీ ఇల్లే కావాలంటే ఆమెకు ఇంకొక కౌన్సెలర్‌ని చూస్తాం" అంది. ఆ ఇంకొకరు తెలుగులో వినలేరని పుష్పలీలకు తెలుసు. సాత్విక "ఐ యామ్ ఫైన్" అని చెప్పి లేచి వచ్చేస్తుందనీ తెలుసు.

బుధవారం సాత్విక ఆలస్యంగా వచ్చింది. తలుపు చప్పుడుకు పుష్పలీల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పి, ఎంచుకోవలసింది మీరేనంది.

సాత్విక కిటికీ వైపు తిరిగి చెప్పింది. "ఆమె శానా మంచిది. మా అమ్మ లెక్కనే. కానీ ఆమె దగ్గర కూసుంటే నాకేం కానట్టు ఉండాలె. ఇంట్ల గట్లనే ఉంటున్న, బయట గట్లనే ఉంటున్న. ఈ ఒక్క గదిలనే గట్ల ఉండక్కర్లేదు. నాకు ఇదే కావాలె. పార్కుకు పోను ఇగ. ఆమెకు మాత్రం ఏం చెప్పకండి మేడం. నా బిడ్డ సంగతి తెలిస్తే గా దీవెనకు ఆమె కుమిలిపోతది."

ఆ రోజు మొదటిసారి ఆమె గొంతెత్తి ఏడ్చింది. తర్వాతి బుధవారం వేళకు వచ్చింది. ఆ తర్వాత కూడా.

అక్కడ ఒక ప్రాణం తేరుకుంటుంటే ఇక్కడ ఇంకొకటి వాడిపోసాగింది. కళావతి రోజూ పార్కుకు వెళ్ళి బెంచీ మీద కూర్చునేది. ఎదురుచూసి ఎదురుచూసి తిరిగొచ్చేది. "రాలే" అనేది. కొన్నాళ్ళకు ఆ మాట కూడా మానేసింది. అన్నం కెలికి వదిలేసేది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

"లీలా, నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. నేను గా పిల్లను ఏమన్న అనరాని మాటన్ననా? దీవించినప్పుడు నవ్వింది గని, ఆ నవ్వు నాకు మంచిగనిపించలే. ఆమెకేమన్న బాధ ఉన్నదా? నా నోటి దూలతోని పొడిచిననా? రాత్రి నిద్రవడ్తలేదు బిడ్డా."

ఊరి వాళ్ళందరి బాధలూ వినడం నేర్చుకుంటున్న మనిషి ఇంట్లోని ఈ బాధకు జవాబు తెలిసీ చెప్పలేక కూర్చుంది. ఏమీ తెలియదంటే అత్తగారు తనను తానే తినేస్తుంది. తెలిసింది చెబితే ఆ పిల్ల గది కూలుతుంది. పుష్పలీల ముఖం గట్టి చేసుకుంది.

"నువ్వేం అనలే అత్తమ్మా. నేనే రావద్దన్న. బజార్ల కనబడితే చెప్పిన, ఇంటికి రాకు, మా అత్తమ్మ ఎంటవడకు అని. నాకు చదువుండె, ఇంట్ల మందిని చూస్తే చిరాకు."

కళావతి కోడలి ముఖంలోకి తేరిపార చూసింది. తిట్టలేదు. "గట్లనా" అంది. లేచి వెళ్ళింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది, పడుకోగానే నిద్రపోయింది. కోడలితో మాత్రం, పిల్లల పనికి తప్ప మాట్లాడలేదు.

అక్టోబరు చివర్లో హీత్రో విమానాశ్రయంలో చెక్-ఇన్ అయ్యాక కళావతి మనవడినీ మనవరాలినీ ముద్దుపెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. మెల్లగా చెబుతున్నాననుకుంది. కానీ ఆవిడ గొంతు మెల్లగా పలకడం ఎరగదు.

"దాని చదువైతే అయిపాయె, మంచిది. గని దాని దగ్గరికి బాధల ఉన్నోళ్ళను ఎవ్వరినీ పంపకు బిడ్డా. దానికి మనుషులంటే పడదు."

హాసినిని చంకనెత్తుకుని పుష్పలీల అక్కడే నిలబడింది. అంతా వినబడింది. అత్తగారు లైన్‌లోకి వెళ్ళి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.