హాల్లో పైపుల గూడు

మా ఆయనకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉద్యోగం, కాపురం సూర్యాపేటలో. పొద్దున బస్సెక్కి వెళ్లి, సాయంత్రం చొక్కా నిండా తవుడు దుమ్ముతో దిగుతారు. చెప్పుకోదగ్గ అలవాట్లేమీ లేని మనిషి. అలాంటిది ఒకసారి ఫోన్‌లో ఏదో వీడియో చూసి, రెడ్ వైన్ గుండెకు మంచిదని తేల్చేశారు. అప్పటిదాకా ఆ గుండె గురించి ఆయనకు గానీ నాకు గానీ ఏ బెంగా లేదు.

తాగేది చిన్న స్టీలు గ్లాసుడు. దానికి నేనేమీ అనలేదు. ఆయన సీసాలు దాచడమే నా ప్రాణానికి వచ్చింది. వాటిని నిలబెడితే బిరడా ఎండిపోతుందట, పడుకోబెట్టాలట. అందుకని అవి మా ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ పడుకునేవి. దుప్పట్ల మధ్య, బియ్యం బస్తా వెనక, ఎండాకాలం పోయాక మూలన పెట్టిన కూలర్ కడుపులో.

ఒకసారి కోదాడ నుంచి మా అమ్మ వచ్చింది. కప్పుకోవడానికి దుప్పటి తీసి దులిపితే, ఒక సీసా దొర్లుకుంటూ పోయి ఆమె కాళ్ల దగ్గర ఆగింది.

"ఇదేంటే?" అంది అమ్మ.

"దగ్గు మందమ్మా."

"ఇంత దగ్గు ఎవరికే?"

అమ్మను బస్సెక్కించి వస్తూ వస్తూనే, ఆ సీసాలకు ఒక గూడు చేసిపెట్టాలని నిర్ణయించుకున్నాను. పైన బాత్రూం కట్టించినప్పుడు మిగిలిన లావు ప్లాస్టిక్ పైపు డాబా మీద పడి ఉంది. దానికి సీసాను ఆనించి, మెడ మాత్రం బయటికి వచ్చేలా కొలత గీసుకున్నాను. ఇంట్లో ఉన్న హాక్సా బ్లేడుతో కోయడం మొదలుపెడితే తెలిసింది, పైపు గుండ్రంగా ఉంటుంది గానీ నా కోత గుండ్రంగా రాదని. మొదటి ముక్క ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి. తర్వాత నుంచి పైపు చుట్టూ కాగితం చుట్టి, దాని అంచు వెంబడే గీసి కోశాను. అప్పుడు దారికొచ్చింది. అంచులు గరుకు కాగితంతో రుద్ది, ప్లంబర్లు వాడే సొల్యూషన్ పూసి, ముక్కలను ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి అంటించి, ఆరేదాకా పాత చున్నీతో బిగించి కట్టాను. ఆ సొల్యూషన్ వాసనకే నాకు సగం మత్తెక్కింది. తర్వాత మెరూన్ రంగు వేశాను. చూస్తే అచ్చం తేనెపట్టు.

దాన్ని వంటింట్లోనో పడకగదిలోనో పెట్టొచ్చు. నేను హాల్లో, గుమ్మానికి ఎదురుగా, టీవీ పక్కన గోడకు క్లాంపులతో బిగించాను. ఇల్లంతా వెతికి సీసాలన్నీ తెచ్చి పడుకోబెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చి, చెప్పులు విప్పకుండానే నిలబడిపోయారు.

"ఏందిది?"

"మీ సీసాలకు ఇల్లండీ. పడుకోబెట్టాలన్నారుగా!"

"హాల్లనా? ఎవలన్న వస్తే?"

"వస్తే చూస్తారు."

వచ్చే మనిషి అప్పటికే సగం దారిలో ఉన్నాడు. మా ఆయన ఇంకా గోడ దగ్గర నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. చివ్వెంల నుంచి మా మామయ్య, అంటే ఆయన నాన్న. "బస్టాండ్ల దిగిన, ఆటోల వస్తున్న." మా ఆయన ముఖంలో రంగు మారింది. సీసాలన్నీ చంకలో పెట్టుకుని లోపలికి పరుగు, మళ్లీ బయటికి పరుగు. గూడు ఊడదీద్దామని లాగారు గానీ, క్లాంపులు నేను మనసు పెట్టి బిగించాను. ఇక ఖాళీ పైపుల్లో చేతికందింది కుక్కారు. గొడుగు, నా అప్పడాల కర్ర, చుట్ట చుట్టిన పాత క్యాలెండర్.

మామయ్య వచ్చి, మంచినీళ్లు తాగి, గోడ వైపు చూశాడు.

"గివేంది బిడ్డా, పైపులు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "క్యాలెండర్లకు నాయినా. నలుగకుంట ఉంటయని."

మామయ్య తల ఊపాడు. నేను చీర కొంగు నోట్లో పెట్టుకుని వంటింట్లోకి పోయాను.

మర్నాడు మా ఆయన మటన్ తేవడానికి వెళ్లారు. మామయ్య మెల్లగా వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, క్యాలెండరుకు గంత లావు పైపెందుకు? గది సీసల కొలత."

నవ్వు ఆపుకోలేకపోయాను. మామయ్య మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, "నాక్కూడ రెండు గూళ్లది ఒకటి చేసియ్యరాదు? గడ్డివాముల దాస్తే మీ అత్త పట్టింది, ఎరువు బస్తాల దాస్తే పట్టింది. ఇగ నాకు జాగ లేదు," అన్నాడు.

మిగిలిన పైపుతో చేసిచ్చాను. గోనెసంచిలో పెట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కాడు. ఆ వారంలోనే అత్తమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనే అనుకున్నాను.

"నువ్వు చేసినవా గా పైపులు?"

"అవునత్తమ్మా."

"మంచి పని చేసినవ్ బిడ్డా. గిన్నేండ్లు ఎతకలేక సచ్చిన. ఇగ పొద్దున లేచి సూసుడే. సీసల ఎంత తగ్గిందో నాకు ఎర్కే, నాకు ఎర్కని ఆయనకూ ఎర్కే. సగం తగ్గిచ్చిండు."

మా ఆయన తగ్గించలేదు, పెంచలేదు. కొన్నాళ్లకు సీసాలు వాటంతట అవే హాల్లోకి వచ్చేశాయి. చుట్టాలొస్తే ఇప్పుడు ఆయనే దగ్గరుండి చూపించి, బిరడా సంగతి వివరిస్తారు. మొన్న ఇంకో వరస కావాలన్నారు. బ్లేడు చేతికిచ్చాను. కాగితం చుట్టి గీసుకోమంటే, "గంత మాత్రం నాకు తెల్వదా?" అన్నారు. ఆ వరసలో సీసా పెడితే అది మెల్లగా ముందుకు జారి వస్తుంది. కింద ఒక దిండు వేసి పెట్టాం.