పదకొండు చీరలు కుట్టిన సోమవారం

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో, ఓ కొట్లో చీరలకు ఫాల్ కుట్టే అండాలమ్మ తన నొప్పిని చీరల్లో కొలుస్తుంది. మెడలో మొదలై కుడి భుజం దాకా దిగే నొప్పి అది. మంచి రోజైతే ఏడు చీరలు కుట్టాక సూది పక్కన పెడుతుంది. చెడ్డ రోజైతే నాలుగుతోనే సరి. పన్నెండేళ్లుగా ఇదే లెక్క.

రెండేళ్ల కిందట కాళ్లు ఉబ్బి, కళ్లు పచ్చబడితే ఎల్బీనగర్‌లో ఓ దవాఖానకు పోయింది. లివర్ గట్టిపడిందని చెప్పారు. ఎప్పటినుంచో రక్తంలో ఉన్న హెపటైటిస్-బి చేసిన పని. బడంగ్‌పేట్‌లో కిరాయికుంటున్న ఇంటి పక్క ఆడవాళ్లు మాత్రం, "ఏందే, చాటుగా తాగుతవా?" అని పరాచికాలాడారు. అండాలమ్మ జీవితంలో కల్లు కూడా ముట్టలేదు.

భుజం నొప్పికి డాక్టర్ గీత గీశాడు. పారాసిటమాల్ ఐదు వందలది, రోజుకు నాలుగు దాటొద్దు. మెడికల్ షాపులో ఇచ్చే మిగతా నొప్పి మాత్రలు ఒక్కటి కూడా వద్దు, అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, లోపల రక్తం కారేలా చేస్తాయి. అండాలమ్మ ఆ గీత దాటలేదు. గంటకోసారి లేచి గోడకు చెయ్యి ఆనించి పైకి పాకించేది. మధ్యాహ్నం వేడినీళ్ల సంచీ పెట్టుకునేది. మాత్రల షీటును కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి, ఆ రోజువి నాలుగు బాబిన్ల డబ్బాలో వేసుకునేది. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు మందు అయిపోయినట్టే.

ఆ సోమవారం పొద్దున డబ్బాలోంచి ఒకటి తీసి మింగింది. పగలు మూడింటికి చూసుకుంటే పదకొండు చీరలయ్యాయి. భుజం దూదిలా ఉంది. పారాసిటమాల్‌తో ఎప్పుడూ ఇంతలా తగ్గలేదని అండాలమ్మ బాబిన్ల డబ్బా దగ్గరికి లాక్కుంది.

"ఇంద్రాణీ, గీ డబ్బాల ఎవరన్న చెయ్యి పెట్టిన్రా?"

అదే కొట్లో జాకెట్లు కుట్టే ఇంద్రాణిది తెనాలి వైపు. పెడల్ మీద కాలు తీయకుండానే చెప్పింది. "నా మోకాళ్ల మాత్రలు అందులోనే వేశాను వదినా. నువ్వు కత్తిరించి పెట్టుకుంటావు కదా, నేనూ అలాగే చేశాను. ఏం, నీ మాత్రలకు మడి కట్టావా?"

"నీ మాత్రే మింగిన్నేమో."

పెడల్ ఆగింది. "అయ్యో! కక్కెయ్యి వదినా!"

"పొద్దున మింగింది ఇప్పుడు ఏం కక్కుత?"

ఇద్దరూ డబ్బా బల్ల మీద గుమ్మరించారు. అండాలమ్మ తెల్ల మాత్రలు నాలుగూ ఉన్నాయి. ఇంద్రాణివి నాలుగుకు మూడే ఉన్నాయి. అవీ తెల్లవే. కత్తిరించిన ముక్కల మీద పేరు సగం సగం. అండాలమ్మ ఆ మూడింటినీ కాగితంలో చుట్టి, పారేస్తానని రవికెలో దోపుకుంది. పారేయలేదు.

శుక్రవారానికి నాదర్‌గుల్ పెళ్లివాళ్లకు పెట్టుబడి చీరలు ముప్ఫై ఇయ్యాలి. మంగళవారం పొద్దున భుజం మళ్లీ బిగిసింది. నాలుగు చీరల రోజు అని లేవగానే తెలిసింది. సోమవారం ఏం కాలేదు కదా అనుకుంది. ఒకటి మింగింది. బుధవారం ఇంకోటి, గురువారం ఆఖరుది. చీరలు అయిపోయాయి.

శుక్రవారం పొద్దున చెప్పులు పట్టలేదు. నిన్నటి నుంచి మూత్రం సరిగ్గా రావడం లేదన్న సంగతి అప్పుడు ఆలోచిస్తే గుర్తొచ్చింది. చైతన్యపురిలో ఓ కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేసే కూతురు ప్రణతి సెలవు పెట్టి తల్లిని ఆటో ఎక్కించింది. దారంతా, "ఏం తిన్నవ్? ఏం మింగినవ్?" అని అడుగుతూనే ఉంది.

దవాఖానలో నర్సు కూడా అదే అడిగింది.

"ఒక్క నొప్పి మాత్ర. సోమారం. తెల్వక మింగిన" అంది అండాలమ్మ. నర్సు రాసుకుంది.

రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా మూడు గంటలు బెంచీ మీదే కూర్చున్నారు. అంతసేపూ అండాలమ్మ తన పాదాలనే చూసుకుంది. వేలితో నొక్కితే పడిన గుంట పూడడం లేదు.

డాక్టర్ రిపోర్టును పాత కాగితాల పక్కన పెట్టి చూశాడు. "కిడ్నీ లెక్క రెండింతలు దాటింది. ఎప్పుడో సోమవారం వేసుకున్న ఒక్క మాత్రకు ఇంత కాదమ్మా. అంటే లివర్ జబ్బే ముదిరి కిడ్నీల మీదికి వచ్చిందని అనుకోవాలి." ప్రణతి వైపు తిరిగాడు. "అదే అయితే లివర్ మార్పిడి గురించి మాట్లాడుకోవాలి."

ప్రణతి బల్ల దగ్గరికి జరిగింది. "నాకు ఇరవై ఆరేండ్లు సార్. నాది ఇయ్యొచ్చా?"

అండాలమ్మ కూతురి ముంజేయి పట్టుకుంది. "ఒకటి కాదు సార్. నాలుగు."

డాక్టర్ తలెత్తాడు.

"మొదటిది తెల్వక. తర్వాతివి మూడు తెలిసే మింగిన. నిన్నటి దాక."

"నర్సు అడిగినప్పుడే చెప్పాలి కదమ్మా! నేను ఎటువైపు పోతున్నానో చూశారా?" గొంతు పెరిగింది కానీ చెయ్యి కాగితం మీద ముందు రాసింది కొట్టేస్తోంది. కాళ్ల వాపుకు రోజూ వేసుకునే నీరు తీసే మాత్రలు ఆపమన్నాడు, అడ్మిట్ చేసి నరానికి మందు ఎక్కించమన్నాడు. మాత్రల వల్లే అయితే రెండు మూడు రోజుల్లో లెక్క దిగడం మొదలవుతుందని, దిగకపోతే మార్పిడి మాట మళ్లీ వస్తుందని చెప్పాడు.

వార్డులో మంచం దొరికేసరికి సాయంత్రమైంది.

"పెండ్లోల్ల చీరలు మూటగట్టి ఉన్నయి. ఇంద్రాణికి ఫోన్ చెయ్యి బిడ్డా" అంది అండాలమ్మ.

"నీకు ఆ చీరలే దిక్కు. నేను కడుపు కోయించుకుంటనన్నంక గానీ నీ నోరు లేవలే."

అండాలమ్మ పక్కకు తిరిగి పడుకుంది.

శనివారం లెక్క కదల్లేదు. తల్లీకూతుళ్లిద్దరూ ఇడ్లీ పొట్లం విప్పకుండానే పక్కన పెట్టారు. ఆదివారం కొంచెం దిగింది. సోమవారం ఇంకాస్త దిగింది. మార్పిడి మాట ఇప్పటికి లేదన్నాడు డాక్టర్. 'ఇప్పటికి' అన్న ముక్క ప్రణతి మనసులో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం భుజం నొప్పి తిరిగొచ్చింది. చెయ్యి ఎత్తలేకపోయింది. అండాలమ్మ నర్సును పిలిచి పారాసిటమాల్ అడిగింది.

"దగ్గరున్నవి కూడా వేసుకుంటున్నారు కదా. పొద్దుట్నుంచి ఎన్ని అయినయమ్మా?"

"రెండు" అంది అండాలమ్మ.

నర్సు రాసుకోలేదు. ప్రణతి వైపు చూసింది. ప్రణతి తన హ్యాండ్‌బ్యాగులోంచి షీటు తీసి, ఖాళీ గుంతలు లెక్కపెట్టి, "రెండే" అని చెప్పాక రాసుకుంది.