పక్క గదిలోని దర్జీ

ఉప్పుగూడలో మా గల్లీ దర్జీకి సూదిలో దారం ఎక్కించడం చేతకాదు. వేళ్లు వంకరపోయాయి. భార్య ఎక్కించి ఇస్తే, కూనిరాగం తీస్తూ కాజాలు కుడతాడు. ఆ రాగం వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నగరంలో బాంబు పేలినప్పుడు పోలీసులు మా ఇద్దరినీ అనుమానంతో పట్టుకెళ్లి, పక్కపక్క గదుల్లో పెట్టి కొట్టారు. ఎంత కొట్టినా ఆయన "నాకు తెల్వద్ సాబ్" అనే అరిచాడు. నాకూ ఏమీ తెలియదు. కానీ రెండో రోజు కరెంటు పెట్టేసరికి ఆయన పేరు చెప్పేశాను. నన్ను వదిలేశారు. ఆయన నాలుగేళ్లు జైల్లో ఉన్నాక, నిర్దోషి అని కోర్టు వదిలింది.

నా వేళ్లు బాగానే ఉన్నాయి. ఆయనకున్న నిద్ర మాత్రం నాకు లేదు.

మొన్న దుకాణానికి వెళ్లి చెప్పేశాను. "భాయ్, ఆ రోజు నీ పేరు చెప్పింది నేనే."

"ఎరికే. గట్ల కొడితే ఎవలైనా చెప్తరు. తప్పు కొట్టినోళ్లది."

"నువ్వు చెప్పలే గదా?"

"ఇంకొక్క దినం కొడితే నేను గూడ నీ పేరే చెప్తుంటి" అని నవ్వాడు.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నా కోసం అంత తేలిగ్గా అబద్ధమాడగలిగిన ఆ మనిషిని చూసి కుళ్లుకుంటూ ఇంటికొచ్చాను.