ఎస్తేరమ్మ సిస్టర్ వద్దన్న సీసాలు

మొన్న మనవరాలి ఇంట్లో కడిగి బోర్లించిన పాలసీసా ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మెడ దగ్గర పులిసిన పాల వాసన. ఒళ్లు మండిపోయింది. "దీన్ని కడగడమంటారా?" అని అరిచాను. పిల్ల బిత్తరపోయింది, ముసలిదానికి చాదస్తం ముదిరిందనుకుని ఉంటుంది. అనుకోనీ. ఆ వాసన తగిలితే నాకు యాభై ఏడో సంవత్సరపు నంద్యాల గుర్తొస్తుంది, ఎస్తేరమ్మ సిస్టర్ గుర్తొస్తుంది.

ఆళ్లగడ్డ నుంచి నర్సు శిక్షణకు నంద్యాల ఆసుపత్రిలో చేరేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలనూ, తల్లులకు జ్వరం ఉన్న బిడ్డలనూ ఉంచే చిన్న గది ఎస్తేరమ్మది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆమె నవ్వగా చూసినవాళ్లు తక్కువ. ఆ గదిలో పాలు పట్టడానికి ఉగ్గుగిన్నెలే వాడేది. మొదటి రోజు మరిగించిన గిన్నెను ఇంట్లో అమ్మ చేసినట్టే కొంగుతో తుడిచాను.

"ఏం చేస్తాండావ్?" అంది.

"తుడుస్తాండా సిస్టరమ్మా. ఉతికిన కొంగే."

"ఉతికినాక దాంతో ఇంకేమేం తుడిచినావో చెప్పు. మొగమా, చేతులా, వాకిలి గడియా?"

గిన్నెను మళ్లీ నీళ్లలో వేసి, గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు మరిగించింది. పక్కన బిడ్డ ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తోంది. "ఏడ్వనీ. ఏడ్చే బిడ్డ బతికే ఉంటాది" అంది. ఇంత రాతిగుండె మనిషి ఉంటుందా అని ఆ రోజు ఆమెను అసహ్యించుకున్నాను.

కొన్నాళ్లకు ఒక పెద్దరైతు మనవడు పుట్టిన సంతోషంలో రెండు డజన్ల పాలసీసాలు ఆసుపత్రికి ఇచ్చాడు. సన్నటి మెడ, ఒంటినిండా గాజులోనే పోతపోసిన పువ్వులు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఎస్తేరమ్మ ఒకదానిలోకి వేలు పెట్టి చూసింది, మెడ దాటి పోలేదు. అందులో పాలు పోసి సాయంత్రం దాకా ఉంచి, నాకిచ్చి కడగమంది. చేతనైనంతా కడిగాను, మరిగించాను. ఆ సీసాను గుడ్డలో చుట్టి రాయితో కొట్టి, ముక్కలు నా అరచేతిలో పెట్టింది. లోపలివైపు పువ్వుల గుంటల్లో పాలు తెల్లగా పొరకట్టి ఉన్నాయి. "చేయి పోని సీసా, మూలలుండే సీసా బిడ్డ నోట్లో పెట్టేది కాదు" అంది. ఆ ముక్కలే తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించింది. దాత మనసు నొచ్చుకుంటుందన్నాడాయన. వారం తిరక్కుండా ఆమెను టీకాల పని మీద నెల రోజులు కోయిలకుంట్ల వైపు పంపించాడు.

పోతూ పోతూ "గిన్నెతోనే తాపు" అని నాకు చెప్పింది. మరుసటి రోజే దాతను వెంటబెట్టుకుని డాక్టరు వచ్చి సీసాలు బయటికి తీయించాడు. నేను మారుమాట్లాడలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాటేస్తే ఈ రాతకు అర్థం లేదు. గిన్నెతో ఒక్కో బిడ్డకు అరగంట పట్టేది, సీసాతో పది నిమిషాలు. నాకూ సుఖంగానే ఉండింది.

మూడో వారంలో ముగ్గురు బిడ్డలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరు తేరుకున్నారు. ఓబులమ్మ కొడుకు చనిపోయాడు. ఓబులమ్మది మా ఆళ్లగడ్డే, ఆమె భర్త విగ్రహాలు చెక్కేవాళ్లకు రాళ్లు మోసేవాడు. జ్వరం తగ్గిన ఒక పూట ఆమె ఆశపడి బిడ్డకు ఒక్కసారి చన్నిచ్చింది. డాక్టరు దాన్నే సాకుగా పట్టుకున్నాడు. "జ్వరం పాలు తాపినావు, అందుకే పోయినాడు" అని ఆమె అత్త ముందరే అన్నాడు. నేను ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

ఎస్తేరమ్మ తిరిగొచ్చి, ఓబులమ్మ బిడ్డ పోయిన సంగతి విని, ఒక సీసా వాసన చూసింది. "ఆయమ్మికి ఏమని చెప్పినారు?" అని అడిగింది. చెప్పాను. నేరుగా డాక్టరు గదికి పోయింది. "దాత మొగం చూసి బిడ్డ మొగం మరిస్తిరి సార్" అన్న మాట వరండాలోకి వినిపించింది. బయటికొచ్చి ఆ సీసాలన్నీ పెరట్లో గుంట తీయించి పూడ్పించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రేపు ఆళ్లగడ్డకు పోతాండాం. నువ్వే చెప్పాల."

"తెలిస్తే నన్ను పంపించేస్తారు సిస్టరమ్మా."

"పంపిస్తే ఇంటికి పోతావు. ఆయమ్మి మీద నింద ఎవురు దించుతారు?"

ఓబులమ్మ గుడిసె ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. చెడుపాల మనిషని అత్త ఆమె నాలుగేళ్ల కూతుర్ని కూడా దగ్గరికి రానివ్వడం లేదు. తడబడుతూనే అంతా చెప్పాను.

"అయితే నా పాలు కాదా?" అంది ఓబులమ్మ.

"కాదక్కా. నేను తాపిన సీసా."

ఆమె గుడిసెలోకి చూసి, "ఇన్యావా అత్తా?" అంది. "రామ్మే, ఈడికి రా" అని కూతుర్ని పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అప్పుడు నా వైపు చూసింది. "ఆ పొద్దు నువ్వు ఆడనే ఉంటివి గదా. అప్పుడే ఒక్క మాట ఎందుకు చెప్పల్యా? మా ఊరి పిల్లవని నీ చేతికిచ్చినా బిడ్డను. ఇంగ పో."

తిరుగు బస్సులో ఎస్తేరమ్మ నన్ను ఓదార్చలేదు. నెల తిరిగేలోపు ఆమెను ఉద్యోగంలోంచి పంపించేశారు, నన్ను ఉంచుకున్నారు. నోరు లేని మనిషి ఏ ఆసుపత్రికైనా పనికొస్తుంది.

ఆ తర్వాత నేను నోరు తెచ్చుకున్నాను. చాలామంది డాక్టర్ల మీద అరిచాను, గయ్యాళినని పేరు తెచ్చుకున్నాను, తప్పు మాదైన ప్రతిసారీ తల్లి దగ్గరికి పోయి మాదేనని చెప్పాను. ఎవరి మీద ఎంత కేకలేసినా, అందులో సగం కోపం ఆ రోజు ట్రే పట్టుకుని నిలబడిన పద్దెనిమిదేళ్ల పిల్ల మీదే.