గుడ్డి బక్రీ ముందు నడక

ఉదయం ఐదూ పదికి కుళాయి వచ్చింది. రెండు బిందెలు పట్టాను. మూడోది నింపే పని నా భార్యతోనే పోయింది. ఆమె చనిపోయి అప్పటికి నెలన్నర. మా ఆరేళ్ల పాప సుజాతను వాళ్ల పెద్దమ్మ, అంటే మా వదిన, ఛత్రినాకకు తీసుకెళ్లింది. పాప అక్కడ ఉండగానే గొడవలు రేగి పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. ఏడు నుంచి పది దాకా సడలింపని ముందురోజు రేడియోలో చెప్పారు. ఆ లోపల పాపను మెహదీపట్నంలోని మా ఇంటికి తెచ్చుకోవాలి. మళ్లీ ఎప్పుడు సడలిస్తారో తెలియదు.

సిటీ బస్సులు మూసీ దాటడం లేదు. ఛత్రినాక అనగానే ఆటోవాళ్లు మొహం తిప్పుకున్నారు. కూరగాయల బండ్లను మాత్రం పోలీసులు వదులుతున్నారని పక్కింటాయన చెబితే ఆరున్నరకల్లా గుడిమల్కాపూర్ నడిచాను. అక్కడ యాదగిరి అనే డ్రైవరు తన మూడు చక్రాల బండిలోకి పాలకూర కట్టలు ఎక్కిస్తున్నాడు. అడిగిన వెంటనే ఒప్పుకోలేదు. పాప సంగతి చెప్పాక, ముందు సీటు మీది గోనెసంచి తీసి పక్కకు వేశాడు. రోజూ ఆ సీట్లో కూర్చునే అతని బామ్మర్దిని ఆ రోజు తల్లి గడప దాటనివ్వలేదట.

ఏడుంబావుకు పురానాపూల్ దాటాం. పోలీసులు కట్టలు ఎత్తి చూసి వదిలారు. వంతెన అవతల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. కాలిన టైరు వాసన గాలిలో ఇంకా ఉంది. రోడ్డు మధ్యలో ఒక చెప్పు పడి ఉంది. యాదగిరి దాన్ని తొక్కకుండా బండిని పక్కకు తిప్పాడు. ఊరికే కూర్చోలేక, ఆ బండిని మార్కెట్లో అందరూ గుడ్డి బక్రీ అని ఎందుకంటున్నారో అడిగాను.

చలిలో స్టార్టు చేస్తే ఇంజను మేకలా అరుస్తుందట, అందుకే బక్రీ. ఒక లైటు ఎప్పుడో పగిలింది, అందుకే గుడ్డి. మరో బండి పేరు పహిల్వాన్. ఖాళీగా ఉన్నా చిన్న ఎత్తు ఎక్కలేదు కనుక ఆ పేరు. ఒక పెళ్లికి సామాను మోసిన బండికి ఎర్ర కుచ్చులు అలాగే ఉండిపోయాయి. దాన్ని దుల్హన్, పెళ్లికూతురు, అంటారు. తన బండికి మొదట రాజా అని తానే పెట్టుకున్నానని, ఒక్కరూ పిలవలేదని యాదగిరి నవ్వాడు.

"మనం పెట్టుకుంటె నిలువది సారూ. గల్లీ పెట్టాలె."

శాలిబండ దగ్గర నవ్వు ఆపేశాడు. ఛత్రినాకలో మా వదినగారి గల్లీ మొదట్లో బండి నిలిపి ఇంజను ఆపాడు. ఆ గల్లీలో రెండు బండ్లు ఎదురుపడితే ఏదీ కదలదు. అందుకని ఒక మనిషి ముందు నడుస్తూ బండి పేరు పిలవడం అక్కడి వాడుక. ఆ పేర్లు పుట్టింది ఈ పిలుపు కోసమే. పేరు వినగానే మంచాలు లోపలికి తీస్తారు, ఎదురు బండి ఆగుతుంది. కర్ఫ్యూ మొదలయ్యాక ఆ పిలుపుకు ఇంకో పని వచ్చింది. పిలుపు లేకుండా బండి చప్పుడైతే అల్లరిమూక వస్తోందేమోనని మిద్దెల మీదివాళ్లు రాళ్లు పట్టుకుంటున్నారు.

"బామ్మర్ది లేడు గద. మీరే పిలవాలె సారూ," అన్నాడు.

దిగాను. నెలన్నరగా నేను ఇంట్లోనూ ఆఫీసులోనూ అవసరమైనంత మాత్రమే మాట్లాడుతున్నాను. అంతకు ముందు కూడా గొంతెత్తే మనిషిని కాను. గల్లీలోకి నాలుగడుగులు వేసి పిలిచాను. అది నాకే సరిగా వినబడలేదు. వెనక ఇంజను అరిచింది. పైన మిద్దె మీద ఎవరో లేచి నిలబడ్డారు. అతని చేతిలో ఇటుక ఉంది.

"ఎవర్రా అది?"

పాప ఉన్న ఇల్లు ఇంకా దూరం.

"గట్టిగ సారూ, జర గట్టిగ," అని వెనకనుంచి యాదగిరి బతిమాలాడు.

"గుడ్డి బక్రీ!" అని అరిచాను. మళ్లీ అరిచాను. గొంతు జీరపోయి వింతగా వచ్చింది.

మూసిన తలుపు వెనక ఒక ముసలామె అంది: "బక్రీయేనా? గొంతు మారిందేంది? జలుబు గిట్ల చేసిందా?"

మిద్దె మీద ఎవరో నవ్వారు. ఇటుక కిందికి దిగింది. ఒక్కొక్క తలుపే తెరిచి ఆడవాళ్లు గిన్నెలతో, చేటలతో ఆకుకూర కోసం వచ్చారు. నేను పిలుస్తూనే నడిచాను, ఆపితే ఏమవుతుందోనని. చివరి ఇంటి తలుపు నేను తట్టకముందే తెరుచుకుంది. పాప గడప మీద నిలబడి నన్ను చూస్తోంది. వెనక మా వదిన.

"నువ్వేనని నేను ముందే చెప్పాను. పెద్దమ్మ నమ్మలేదు. నువ్వు అరవవు కదా నాన్నా," అంది పాప.

వదినను కూడా రమ్మన్నాను. ఇల్లు వదిలి రానంది. పాప బట్టలు మూట కట్టి ఇచ్చి, త్వరగా వెళ్లమంది.

తొమ్మిదిన్నరకు తిరిగి పురానాపూల్ చేరాం. ఖాళీ కూరగాయల బండిలో పిల్ల ఎందుకుందని పోలీసు అడిగాడు. చెప్పాను. ఆయన బండి చుట్టూ తిరిగి చూస్తున్నంతసేపూ పాప నా చొక్కా గుండీ పట్టుకుని ఉంది. చివరికి చేయి ఊపాడు. వంతెన దాటాక కూడా పాప గుండీ వదల్లేదు.

ఛత్రినాక వెళ్లేవారికి ఇప్పుడు బస్సులున్నాయి, దారి కష్టం కాదు. ఆ ఉదయం నాకు మిగిల్చింది ఒక్కటే. ఆ గల్లీలో భయపడింది నేను ఒక్కణ్నే కాదు, తలుపుల వెనకవాళ్లూ భయపడ్డారు, తెలిసిన పేరు వినగానే తలుపులు తెరిచారు. తరువాత గల్లీ వెడల్పు చేశారు. బండ్లు హారన్ కొట్టుకుంటూ వెళతాయి. బండి ముందు నడిచి ఎవరూ పేరు పిలవరు.